లెక్క రోజును పోటు చూసి పెట్టండి: అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మన తీరంలో నీటిపక్షుల లెక్క ఏటా జనవరిలో జరుగుతుంది. ఆసియా నీటిపక్షుల గణన పేరుతో 1987లో మొదలైన పని అది. దాన్ని ఆపమని గానీ మార్చమని గానీ మేం అడగడం లేదు. మా విన్నపం ఒక్కటే. చలికాలం చివర, అంటే ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి రెండో వారం లోపు, తీరమంతటా రెండో లెక్క పెట్టించండి. ఆ లెక్క తేదీని సెలవులు చూసి కాకుండా సముద్రపు పోటు చూసి ఖాయం చేయించండి. దీనికి కారణాలూ, పని నడిపే పద్ధతీ కింద రాస్తున్నాం.

తీరపు పక్షుల్లో ఎక్కువ భాగం ఉల్లంకుల జాతివి, అంటే నీటి అంచున తిరుగుతూ మేసే పక్షులు. వాటి తిండి బురదలో ఉంటుంది. నీరు తీసినప్పుడు బయటపడే బురద నేలల మీద, అంటే పర్రల మీద, కిలోమీటర్ల కొద్దీ చెదిరిపోయి పురుగులు, నత్తలు, చిన్న పీతలు ఏరుకుంటాయి. పోటు ఎక్కి పర్ర మునిగాక ఇసుక తిన్నె మీదో, ఉప్పు మళ్ల గట్టు మీదో ఒకచోట గుమిగూడి నిద్రపోతాయి. దాన్ని పోటు విడిది అందాం. పక్షులు నిజంగా లెక్కకు దొరికేది అక్కడే, పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి నిండిన రెండు గంటల తర్వాత వరకు. మిగతా వేళల్లో చూసింది పక్షుల్లో ఒక తునక మాత్రమే.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు వస్తాయి, వాటి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల ఎడం. అందుకే మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోటు, అష్టమి దగ్గర చిన్న పోటు అన్నది వేటకు వెళ్లే ప్రతి మత్స్యకారుడికీ తెలిసిన సంగతే. చిన్న పోటు నాడు పర్ర పూర్తిగా మునగదు, పక్షులు విడిదికి రావలసిన అవసరం రాదు. ఆ రోజు వెళ్లిన బృందం వందల్లో రాసుకొస్తుంది, వారం తర్వాత వెళ్లిన బృందం వేలల్లో రాసుకొస్తుంది. పెరిగింది పక్షులు కాదు, నీళ్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పక్షులు తగ్గాయనో పెరిగాయనో చెప్పడం తప్పు. పాత ఫారాల్లో పోటు వేళ రాసే గడి లేకపోతే ఆ తప్పును తర్వాత పట్టుకోవడం కూడా కష్టం.

2027 సంవత్సరాన్నే చూడండి. జనవరిలో అమావాస్య 7న, పౌర్ణమి 22న. సంక్రాంతి వారం సరిగ్గా ఈ రెండింటి నడుమ పడుతుంది, అంటే చిన్న పోటు రోజులు. పైగా పండగ సెలవుల్లో సిబ్బంది చాలామంది సొంతూళ్లకు వెళ్తారు. ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి 20వ తేదీ శనివారం, మార్చిలో అమావాస్య 8న. రెండో లెక్కకు మేం సూచించేది ఫిబ్రవరి 21, 22, 23. వాన గానీ గాలి గానీ పాడుచేస్తే మార్చి 9, 10, 11.

పౌర్ణమి నాడే కాకుండా మర్నాటి నుంచి అని ఎందుకంటున్నామంటే, అతి పెద్ద పోటు పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. పాడ్యమి, విదియలు పౌర్ణమి కంటే మేలు. ఇంకో కారణమూ ఉంది. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమం దగ్గరా, అంతర్వేది దగ్గరా పుణ్యస్నానాలకు వేలమంది వస్తారు. ఆ రోజు మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, ఇసుక మీద పక్షి నిలవదు. భక్తులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, లెక్క ఆ రోజు పెట్టుకోవడమే తెలివితక్కువ.

పోటు వేళలు సర్వే ఆఫ్ ఇండియా పట్టికల్లో దొరుకుతాయి. కానీ పట్టికలో ఉండేది ఓడరేవు వేళ. కోరంగి మడ అడవుల్లో పాయల వెంట లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది, ఎంత ఆలస్యమన్నది పాయ పాయకూ మారుతుంది. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. లెక్కకు ముందు నెలల్లో వచ్చే ఒక పెద్ద పోటు నాడు విడిది దగ్గర పది సెంటీమీటర్లకో గీత పెట్టిన కర్ర పాతి, పావుగంటకోసారి నీటిమట్టం రాసుకోవాలి. నీరు ఎక్కడం ఆగిన వేళకూ ఓడరేవు వేళకూ ఉన్న తేడాయే ఆ చోటి సవరణ. ఒకసారి తెలిస్తే మొగ రూపు మారేదాకా పనికొస్తుంది. తుఫాను తర్వాత మళ్లీ చూసుకోవాలి.

మన తీరానికి ఇంకో చిక్కు ఉంది. మన సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో పడుతుంది, పక్షులన్నీ నల్లని నీడల్లా కనిపిస్తాయి. కాబట్టి ఉదయపు పోటుకు పడవలో తిన్నె అవతలికి చేరి పడమటికి తిరిగి చూడాలి, లేదా వెలుగుండగానే సాయంత్రపు పోటు వచ్చే చోట దాన్ని ఎంచుకోవాలి. సాయంత్రం గాలి ఎక్కువ, టెలిస్కోప్ వణుకుతుంది. స్టాండును కాళ్లు చాచకుండా పొట్టిగా పెట్టి, నడిమి కొక్కేనికి ఇసుక సంచి వేలాడదీస్తే సరిపోతుంది. ఉదయం తొమ్మిది దాటాక ఇసుక మీద వేడి ఆవిరి లేస్తుంది. అప్పుడు అరవై రెట్ల టెలిస్కోప్‌లో కూడా కొంగ తప్ప ఏదీ తేలదు. పెంపు ఎక్కువ పెట్టేకొద్దీ ఆ వణుకు కూడా పెద్దదవుతుంది. ఇరవై నుంచి ముప్పై రెట్లలో చూడడమే మేలు.

ఇక లెక్క. ఒక్కో విడిదికి ముగ్గురు చాలు: ఒకరు టెలిస్కోప్ దగ్గర, ఒకరు రాయడానికి, మూడోవాడు ఎగిరి వచ్చే, ఎగిరి పోయే గుంపుల మీద కన్నేసి ఉండటానికి. ఈ మూడోమనిషి లేకపోతే ఒకే గుంపు రెండుచోట్ల లెక్కకెక్కుతుంది. పక్కపక్క విడుదులను ఒకే పోటుకు, ఒకే గంటలో చూడటం కూడా అందుకే. వంద లోపు గుంపును ఒక్కొక్కటిగా లెక్కించాలి. అంతకు మించితే పది పక్షులు ఎంత జాగా తీసుకుంటాయో కంటికి పట్టించుకుని పదులు, వందలుగా జరుపుకుంటూ పోవాలి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెంటికీ పదో వంతు కంటే తేడా వస్తే మూడోసారి. కలగలుపు గుంపుల్లో ముందు మొత్తం వేసుకుని, తర్వాత నాలుగైదు చోట్ల నూరేసి పక్షులను జాతుల వారీగా చూసి ఏ జాతి ఎంత వంతో లెక్కగట్టాలి. అంచులో మాత్రమే చూసి వంతులు గడితే తప్పుతుంది, ఎందుకంటే గుంపులో జాతులు సమంగా కలిసి ఉండవు. పొడుగు కాళ్ల గాడ్విట్‌ల వెనక అరచేతిలో పట్టేంత స్టింట్‌లు వందల్లో దాగి ఉంటాయి.

తెలియనిది తెలియనట్టే రాసే గడి ఫారంలో తప్పనిసరిగా ఉండాలి. 'చిన్న ఉల్లంకి, జాతి తేలలేదు' అని రాయడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఊహించి రాసిన జాతి పేరు ఆ తర్వాత ఇరవై ఏళ్లు లెక్కల్లో తిరుగుతుంది. పాత జాబితాల్లోని లెస్సర్ శాండ్ ప్లోవర్‌ను ఇప్పుడు సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. ఫారాలను దానికి తగ్గట్టు మార్చాలి. అలాగే వెళ్లి చూసి ఏమీ కనిపించని చోట సున్నా రాయాలి. ఖాళీగా వదిలిన గడికి వెళ్లలేదనీ అర్థం చెప్పుకోవచ్చు, పక్షులు లేవనీ చెప్పుకోవచ్చు.

గుర్తుపట్టే విషయంలో చలికాలం చివర మనకు కలిసొస్తుంది. డిసెంబరులో అన్నీ బూడిదరంగు పక్షులే. ఫిబ్రవరి చివరికి ఈకలు మారడం మొదలవుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ పొట్ట మీద ఇటుకరంగు మచ్చలు తేలతాయి, శాండ్ ప్లోవర్ రొమ్ము మీద నారింజ పట్టీ వస్తుంది. ఎరుపెక్కిన గాడ్విట్‌ల్లో ఎరుపు తోక కింది దాకా సాగితే బార్ టెయిల్డ్, రొమ్ము దగ్గరే ఆగితే బ్లాక్ టెయిల్డ్. గ్రేట్ నాట్ రొమ్ము మీద నల్లమచ్చలు దట్టమవుతాయి. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జాతి కాబట్టి దాని ఒక్కో అంకెకూ విలువ ఎక్కువ. అయితే అన్ని పక్షులూ ఒకేసారి మారవు. రంగు లేదని గాడ్విట్ కాకుండా పోదు.

కాలికి ఉంగరం గానీ రంగు పట్టీ గానీ ఉన్న పక్షి కనిపిస్తే రంగు, అక్షరాలు, ఏ కాలు, మడమ కీలుకు పైనా కిందా అన్నవన్నీ రాయాలి. ఎక్కువగా జరిగే పొరపాటు ఎడమ కుడుల్లో. ఎడమ అంటే పక్షి ఎడమ, మన వైపు నుంచి చూసే ఎడమ కాదు.

రెండో లెక్క ఎందుకు అంటే, జనవరి అంకె చలికాలపు బసను చూపిస్తుంది, ఫిబ్రవరి, మార్చి అంకె ప్రయాణపు ముందటి మేతను చూపిస్తుంది. ఈ పక్షుల్లో చాలా భాగం మార్చి చివర, ఏప్రిల్‌లో మధ్య ఆసియాకూ, ఆర్కిటిక్ దాకానూ వెళ్తాయి. ఆ కొన్ని వారాల్లో కొవ్వు పెంచుకుని బరువు బాగా పెరగాలి. ఈ రోజుల్లో విడిది మీద ఒక్కో బెదురుకూ అవి కూడబెట్టిన కొవ్వు కరుగుతుంది. చెరువులు ఎండి లోతట్టు పక్షులు తీరానికి చేరేదీ అప్పుడే. జనవరిలో ఖాళీగా కనబడి 'ప్రాముఖ్యం లేదు' అని కొట్టేసిన పర్ర మార్చిలో నిండి ఉండొచ్చు. ఆ పర్ర మీద రోడ్డుకో జెట్టీకో దరఖాస్తు వచ్చినప్పుడు మీ శాఖ చూసే కాగితం మాత్రం జనవరిదే. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో మడ అడవులకూ, జీవమున్న బురద పర్రలకూ, పక్షులు గూళ్లు పెట్టే చోట్లకూ ఒకటో ఏ తరగతి (పర్యావరణపరంగా అతి సున్నితమైన చోట్ల) రక్షణ ఉంది. ఆ రక్షణను అడగాలంటే అక్కడ పక్షులున్నాయని చూపే లెక్క చేతిలో ఉండాలి.

పులికాట్ సంగతి వేరు, అక్కడ పోటు సూత్రం పనిచేయదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిక వల్లా, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చడం వల్లా, ఉత్తర భాగంలో నీటిమట్టాన్ని ఎక్కువగా వానలూ ఎండలే నిర్ణయిస్తాయి. ఫిబ్రవరి నుంచి నీటి అంచు వెనక్కి పోతూ ఉంటుంది, ఫ్లెమింగోలూ ఆ అంచు వెంటే కదులుతాయి. అక్కడ రోడ్డు మీద నుంచి ఒకేచోట లెక్క వేస్తే రెండు వారాల తేడాకే అంకె తారుమారవుతుంది. రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరుకో మజిలీ పెట్టుకుని, ప్రతి మజిలీలో నీటి అంచు ఎంత దూరంలో ఉందో కూడా రాయాలి.

ఉప్పు మళ్లను అభయారణ్యాల జాబితాలో ఎవరూ వెతకరు. కానీ నౌపడా, చినగంజాం వంటి చోట్ల ఉల్లంకుల విడిదికి గట్లూ, పలుచటి నీరున్న మళ్లూ బాగా కుదురుతాయి. స్టింట్‌కు నాలుగు సెంటీమీటర్ల లోపు నీరు కావాలి, గాడ్విట్ పది పదిహేనులోనూ నిలబడగలదు. ఉప్పు పని మొదలయ్యేదీ ఈ కాలంలోనే కాబట్టి రైతుకు నష్టం లేని పద్ధతి చూడాలి. పని జరగని ఒకటి రెండు మళ్లలో నీరు పలుచగా నిలపడం, ఒక గట్టును పోటు వేళ నడకకు వాడకపోవడం చాలు. ఉత్తర్వు కంటే మాట్లాడి ఒప్పించడమే ఇక్కడ పనిచేస్తుంది.

కోరంగి, హోప్ ఐలాండ్ వైపు వెళ్లే పర్యాటక పడవలు పెద్ద పోటు రోజుల్లో, పోటు నిండే వేళకు అటూ ఇటూ రెండేసి గంటలు, విడిది ముందు ఆగకుండా దూరంగా సాగిపోతే చాలు. నిద్రపోతున్న పక్షులు తలలెత్తాయంటే దగ్గరికొచ్చేశామని లెక్క, అక్కడే ఆగాలి. అవి నడవడం మొదలెట్టాక వెనక్కి తగ్గినా ఆలస్యమే. తిన్నెల మీద జీపులు, బైకులు మార్చి నుంచి ఇంకా ప్రమాదం, చిన్న ప్లోవర్‌లు ఇసుక గుంటలో పెట్టే గుడ్లు టైరు కింద పడేదాకా కనబడవు. డ్రోన్‌తో లెక్క వేస్తామనే ప్రతిపాదనలు వస్తే ఈ విడుదుల మీద మాత్రం ఒప్పుకోకండి. డ్రోన్‌ను గద్దలా చూసి గుంపంతా లేస్తుంది.

చివరిగా అనుమతులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలో అధ్యయనానికి అనుమతిచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. ఒక్క తేదీకి ఇచ్చే అనుమతి తీరం మీద పనికిరాదు, గాలి లేస్తే పడవ కదలదు. స్థానిక ప్రకృతి పరిశీలకుల సంఘాలకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పేర్ల జాబితాతో, ముందురోజు రేంజ్ కార్యాలయానికి కబురు చెప్పే షరతుతో ఒకే అనుమతి ఇప్పించండి. పడవకు లైఫ్ జాకెట్లు, తిరుగు ప్రయాణానికి సరిపడా నీరున్న వేళ తెలిసిన స్థానిక సరంగు తప్పనిసరి అని అందులోనే రాయించండి. పాటు మొదలయ్యాక, అంటే నీరు తీయడం మొదలయ్యాక, పాయలో పడవ బురదలో కూరుకుంటే తర్వాతి పోటు దాకా అక్కడే ఉండాలి. ప్రతి తీర రేంజ్‌కు ముందు అద్దం ఎనభై మిల్లీమీటర్ల వెడల్పున్న టెలిస్కోప్ ఒకటి, స్టాండుతో సహా ఇవ్వండి. దాన్ని బీరువాలో కాకుండా బీటు సిబ్బంది చేతిలో ఉంచమని చెప్పండి. లెక్క పూర్తయిన నెల లోపు చోటు, తేదీ, పోటు వేళ, జాతి, సంఖ్య ఉన్న పట్టికను అందరూ చూసేలా పెట్టించండి.

2027 ఫిబ్రవరి లెక్కకు విడుదుల పటం, పోటు కర్రల కొలతలు డిసెంబరు లోపు సిద్ధం కావాలి. ఆ పనికి మా సభ్యులు సొంత ఖర్చుతో వస్తారు.

ఇట్లు,
తీరప్రాంత ప్రకృతి పరిశీలకుల సంఘం సభ్యులు