తోపు పక్కన వివరణ కూడా ఉండాలి

సంపాదకునికి,

గోల్కొండ పెట్ల బురుజుపై ఫతే రహబర్ అనే తోపును (ఫిరంగిని) 1687 నాటి ఔరంగజేబు ముట్టడికి గుర్తుగా చూసి, ఫోటో దిగి వెళ్లే సందర్శకులకు, అది పనిచేసిన తీరును వివరించే పటం ఒకటి అక్కడే కనిపించాలి. మూతి నుంచి తుపాకి మందు కూరి, గుండు దింపి, వెనుకనున్న సన్నని రంధ్రంలో నిప్పు పెడితే, లోపల చెలరేగిన వాయువుల ఒత్తిడి గుండును బయటికి తోసేది. ఆ ఒత్తిడికి పగలకూడదనే తోపు వెనుక భాగాన్ని అంత మందంగా పోతపోశారు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ తోపులు పోయించిన గన్‌ఫౌండ్రీ మన నగరం నడిబొడ్డునే ఉన్నా, అటుగా వెళ్లేవారిలో ఎందరికి అది బస్టాపు పేరుగా తప్ప తెలుసు?

పాత గుండ్లు సేకరించేవారు మాత్రం, మందు నింపిన బోలు గుండు ఎన్నేళ్లయినా ప్రమాదకరమే గనుక, నిపుణులు నిర్వీర్యం చేసినవాటినే దగ్గర ఉంచుకోవాలి. తవ్వకాల్లో దొరికినవాటిని ముట్టుకోకుండా పోలీసులకు తెలపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్