శనివారం కొన్న గన్ గురువారం కూడా ఎందుకివ్వడం లేదంటే

నమస్కారం అండి. దసరా సేల్‌లో టెక్సస్‌లోని మా గన్ షాపులో గన్‌కి డబ్బు కట్టి ఇంకా చేతికి రాక ఎదురుచూస్తున్న వాళ్లకీ, "ఇంకెన్నాళ్లు అన్నా?" అని వాట్సాప్‌లో అడుగుతున్న వాళ్లకీ కలిపి ఈ జవాబు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పబోతే పొద్దంతా ఫోన్‌లోనే గడిచిపోతోంది. కౌంటర్ దగ్గర మా ఆవిడ ఒక్కతే అయిపోతోంది.

ముందు నా తప్పు చెబుతాను. ఆయుధ పూజ పేరు చెప్పి పెట్టిన పోస్టర్ మీద "పావుగంటలో గన్ మీ చేతికి" అని వేయించాను. అబద్ధం కాదు. ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో, అంటే కొనేవాళ్ల పాత రికార్డుల తనిఖీలో, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అక్కడికక్కడే జవాబు వచ్చేస్తుంది. ఆ పదో మనిషి సంగతి పోస్టర్ మీద ఒక్క ముక్క రాయలేదు. ఈసారి అలాంటి వాళ్లు నలుగురు తేలారు. ఆ నాలుగు పెట్టెలూ పేర్ల ట్యాగులతో మా సేఫ్‌లోనే ఉన్నాయి. పోస్టర్ తీసేశాను.

కౌంటర్ దగ్గర జరిగేది చాలామందికి తెలుసు, అయినా ఒకసారి చెబుతాను. గన్ కొనేవాళ్ల కోసం ఉన్న 4473 అనే ఫెడరల్ ఫారం మీరు నింపుతారు. ఆ వివరాలు నేను నిక్స్ అనే ఎఫ్‌బీఐ సిస్టంకి పంపిస్తాను. 1998 నవంబర్ నుంచి నడుస్తోంది అది. పాత అరెస్టులు, వారంట్లు, రక్షణ ఉత్తర్వులు, గన్ కొనకూడని వాళ్ల జాబితా, ఇలా కొన్ని రికార్డుల్లో మీ పేరు, పుట్టిన తేదీ వెతుకుతుంది. అమెరికా పౌరులు కాని వాళ్లయితే ఇమ్మిగ్రేషన్ రికార్డు కూడా చూస్తారు. జవాబు మూడు మాటల్లో ఒకటి: ప్రొసీడ్ (ఇవ్వొచ్చు), డిలేడ్ (ఇంకా తేలలేదు, ఆగాలి), డినైడ్ (ఇవ్వకూడదు). అంతే. డిలే ఎందుకో నాకు చెప్పరు. డినై ఎందుకో కూడా నాకు చెప్పరు. "మీకు తెలిసే ఉంటుంది, దాస్తున్నారు" అని ఒకాయన అలిగారు. నిజంగా తెలియదండీ.

దసరా వెళ్లాక వచ్చిన శనివారం ప్లేనో నుంచి ఒకాయన వచ్చారు. నాలుగు పిస్టళ్లు చేతిలో పట్టుకుని చూసి, చివరికి మొదట చూసిన తొమ్మిది ఎంఎం దగ్గరికే వచ్చి ఆగారు. గ్రీన్ కార్డ్ ఉంది, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉద్యోగం. ఫారం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. స్క్రీన్ మీద "డిలేడ్" అని పడేసరికి ఆయన మొహంలో రంగు మారిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "నా మీద ఏదైనా కేసుందా అన్నా?" అన్నారు. స్పీడింగ్ టికెట్ తప్ప జన్మలో ఏమీ లేదట. పక్క వరసలో వాళ్ల ఆఫీసు కుర్రాడు నిలబడి ఉన్నాడు, అదీ ఆయన బాధ.

అందుకే తేటగా చెబుతున్నాను. డిలే అంటే మీరేదో చేశారని కాదు. మీ పేరుకీ పుట్టిన తేదీకీ దగ్గరగా ఉన్న రికార్డు ఒకటి తగిలింది, అది మీదో కాదో ఒక మనిషి కూర్చుని తేల్చాలి. మన పేర్లతో ఈ చిక్కు మామూలే. ఇంటిపేరు డ్రైవింగ్ లైసెన్స్ మీద ఒక చోట, గ్రీన్ కార్డ్ మీద ఇంకో చోట. ఒక దాంట్లో పూర్తి పేరు, ఇంకో దాంట్లో ఇనిషియల్. రెడ్డి, రావు, కుమార్ ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పాలా? ఆ ఫారంలో దీనికో పద్ధతి ఉంది. మీ చట్టబద్ధమైన పేరులోనే ఇనిషియల్ మాత్రమే ఉంటే పక్కన "ఐఓ" (ఇనిషియల్ ఓన్లీ) అని రాయాలి. మధ్య పేరు లేకపోతే ఆ గడి ఖాళీగా వదలకుండా "ఎన్‌ఎంఎన్" (నో మిడిల్ నేమ్) అని రాయాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వడం మీ ఇష్టం. కానీ ఇస్తే మీ పేరే ఉన్న ఇంకొకరితో కలగాపులగం అయ్యే అవకాశం తగ్గుతుంది. ఈ మాట నేను అందరికీ ముందే చెప్పాల్సింది. రద్దీలో కొందరికి చెప్పలేదు, అది కూడా నా లెక్కలోనే వేసుకోండి.

ప్రతిసారీ డిలే అవుతున్న వాళ్లు ఒకరిద్దరున్నారు. ఎఫ్‌బీఐ దగ్గర వాలంటరీ అప్పీల్ ఫైల్ అని ఉంటుంది, దానికి అప్లై చేసుకోండి. ఒప్పుకుంటే ఒక నంబర్ ఇస్తారు, ఆ తర్వాత ఎప్పుడు కొన్నా ఫారంలో అది రాస్తే చాలు. అలాగే పదేళ్ల కిందట ఇంట్లో గొడవైతే 911కి ఫోన్ వెళ్లి, అరెస్టు దాకా వచ్చి, తర్వాత కేసు కొట్టేసిన వాళ్లుంటారు. అరెస్టు రికార్డుకి ఎక్కి, కొట్టేసిన సంగతి ఎక్కకపోతే డిలే తప్పదు. ఆ కోర్టు నుంచి తుది తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. ఒకవేళ శిక్షే పడి ఉంటే అది వేరే కథ. ఇంటి హింస కేసులో చిన్న శిక్ష పడినా 1996 నుంచి ఫెడరల్ చట్టం గన్ ముట్టనివ్వదు. అలాంటిదేమైనా ఉంటే నా దగ్గరికి కాదు, ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు అసలు గొడవ. మీలో ముగ్గురు చట్టం చదువుకుని వచ్చి మరీ అడిగారు: "మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే గన్ ఇచ్చేయొచ్చని ఉంది కదా, మీరెందుకు ఇవ్వరు?" నిజమే, ఉంది. శనివారం చెక్ చేస్తే సోమ, మంగళ, బుధవారాలు లెక్క, గురువారం ఇవ్వొచ్చు. 21 ఏళ్ల లోపు వాళ్లకైతే 2022 చట్టం తర్వాత ఇది పది పనిదినాల దాకా సాగొచ్చు. అయితే అందులో ఉన్నది "ఇవ్వొచ్చు" అనే, "ఇవ్వాలి" అని కాదు. మా షాపులో ప్రొసీడ్ వస్తేనే ఇస్తాం.

ఒకప్పుడు నేనూ గురువారం ఇచ్చేవాణ్ని. షాపు పెట్టిన కొత్తలో ఒకతనికి అలాగే ఇచ్చాను. మంచిగా మాట్లాడాడు, మా అబ్బాయికి చాక్లెట్ కూడా ఇచ్చాడు. మూడు వారాల తర్వాత ఎఫ్‌బీఐ నుంచి ఫోన్: ఆయన చెక్ డినై అయింది, గన్ ఇచ్చేశారా, మీ దగ్గరే ఉందా? ఇచ్చేశానని చెప్పేటప్పుడు నా నోరు ఎండిపోయింది. అలాంటప్పుడు గన్ వెనక్కి తీసుకునే పని ఏటీఎఫ్ వాళ్లది, అంటే గన్ చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థది. వాళ్లు తీసుకున్నారని తెలిసేదాకా ప్రతి రాత్రీ పదింటికి టీవీలో లోకల్ న్యూస్ పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఏమీ జరగలేదు. చట్టప్రకారం నేను చేసిన తప్పూ లేదు. అయినా ఆ టెన్షన్ ఇంకోసారి నా వల్ల కాదు.

సౌత్ కరోలినాలో చార్లెస్టన్ చర్చి కాల్పుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2015 జూన్ 17న తొమ్మిదిమందిని చంపినవాడు ఆ పిస్టల్ కోసం ఏప్రిల్ 11న షాపుకి వెళ్లాడు. అది శనివారం. చెక్ డిలే అయింది. అతను డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నట్టు ఒప్పుకున్న పోలీసు రిపోర్టు ఒకటుంది, అది దొరికి ఉంటే డినై అయ్యేది. ఆ రిపోర్టు ఎక్కడ అడగాలో తెలియక ఎఫ్‌బీఐ వాళ్లు వేరే ఆఫీసుని అడిగారు. మూడు పనిదినాలు గడిచాయి. ఏప్రిల్ 16, గురువారం, షాపువాడు చట్టప్రకారమే గన్ ఇచ్చాడు. పొరపాటు జరిగిందని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీయే ఒప్పుకున్నారు. శనివారం, గురువారం. మన సేల్ లెక్కే. ఆ షాపులో ఆ రోజు కౌంటర్ దగ్గర ఉన్న మనిషి గురించి నాకు అప్పుడప్పుడూ ఆలోచన వస్తుంది.

ఈ పద్ధతి వల్ల నాకు బేరాలు పోతున్నాయి. గురువారం ఇచ్చేసే షాపులు మన చుట్టుపక్కలే ఉన్నాయి, వాళ్లదీ తప్పనను. అక్కడికి వెళ్లాలనుకుంటే వెళ్లండి, డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను. ఇంతకుముందు రద్దు చేసుకుంటే పది శాతం కోసేవాణ్ని. డిలే అయిన వాళ్లకి ఇకమీదట అది లేదు. పెట్టె మా దగ్గర ఉంచినందుకు అద్దె కూడా లేదు.

ఒక్క తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి. చెక్ చేసిన రోజు నుంచి 30 రోజులే అది చెల్లుతుంది. ఆ లోపల గన్ తీసుకోకపోతే మళ్లీ మొదటి నుంచి చెక్ చేయాలి. ప్రొసీడ్ వచ్చాక "థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వస్తాలే" అని కూర్చోవద్దు.

క్యారీ లైసెన్స్, అంటే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ గురించి కూడా అడుగుతున్నారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 దాటి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. అయినా తీసుకోమనే చెబుతాను. లైసెన్స్ ఉంటే నా కౌంటర్ దగ్గర నిక్స్ చెక్ అక్కర్లేదు, 4473 నింపితే చాలు. డిలే అనే మాటే ఉండదు. పైగా స్కూలుకి వెయ్యి అడుగుల లోపు గన్ ఉండకూడదన్న ఫెడరల్ చట్టం నుంచి మన రాష్ట్రంలో మినహాయింపు ఉంటుంది. పిల్లల్ని దింపడానికి వెళ్లే మనకి అది చిన్న విషయం కాదు. ఫీజు 40 డాలర్లు. దాంతోపాటు క్లాసు, 3, 7, 15 గజాల నుంచి 50 గుళ్ల పరీక్ష ఉంటాయి. లైసెన్స్ ఇవ్వడానికి రాష్ట్రానికి 60 రోజుల గడువుంది. కానీ ఆ లెక్క మీరు ఆన్‌లైన్‌లో బటన్ నొక్కిన రోజు నుంచి కాదు, వేలిముద్రలు, క్లాసు సర్టిఫికెట్ సహా అన్నీ చేరిన రోజు నుంచి. "రెండు నెలలైందన్నా" అన్న వాళ్లలో ఇద్దరు వేలిముద్రలే ఇవ్వలేదు!

హెచ్‌1బీ, హెచ్‌4 వాళ్లకి ఒక మాట. మీకు మామూలుగా అమ్మకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్‌లో ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయకపోతే సెప్టెంబర్ 1న మీ ఇంట్లో ఉన్న గన్ చట్టవిరుద్ధం అవుతుంది. ఇప్పుడే వెళ్లి ఆ కాగితం తీసి చూసుకోండి. "గ్రీన్ కార్డ్ ఉన్న మా బావగారి పేరు మీద తీసుకుంటాం" అని మాత్రం నా దగ్గర అనకండి. ఆ మాట విన్నాక మీకూ అమ్మను, బావగారికీ అమ్మను. అలా కొనకూడని వాళ్ల కోసం ఇంకొకరు కొంటే 2022 నుంచి 15 ఏళ్ల దాకా జైలు ఉంది.

ఇది రాస్తుండగానే ప్లేనో ఆయనది ప్రొసీడ్ వచ్చింది, పదిహేడో రోజున. ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తారు. ఆయన మీటింగ్‌లో ఉన్నారట. డబ్బు వెనక్కి ఇస్తానన్న మెసేజ్ ఆవిడా చూశారట, ఆ ఆఫర్ ఇంకా ఉందా అని అడిగారు, సోఫా ఒకటి చూసి పెట్టుకున్నారట. ఉందండీ అన్నాను. ఇద్దరూ మాట్లాడుకుని శనివారం ఎవరో ఒకరు వస్తామన్నారు.