తలుపు తీసే ఉంది కదా అన్నావు

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్‌లో, పని పేరుతో మోసపోయి చిక్కుకున్న అమ్మాయిల గురించి నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "తలుపు తీసే ఉంది కదమ్మా, మరి ఎందుకు పారిపోలేదట?" అన్నావు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట కోర్టులో లాయర్ల నోట విని విని ఉన్నాను కాబట్టి నీ మీద విసుక్కుని పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, ఎందుకంటే అలా బయటపడ్డవాళ్ళుండే ఈ షెల్టర్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇదే అడిగాను, అదీ అక్కడికొచ్చిన ఒక పిల్లని ముఖం మీదే.

పేరు చెప్పను, ఊరు చెప్పను, నీకైనా సరే. నీ వయసే. ఇంటిపని అని తీసుకెళ్ళారు. నా ప్రశ్నకి కోపం తెచ్చుకోలేదు, ఒక నోట్‌బుక్ గురించి చెప్పింది. వెళ్ళిన రోజే తన పేరు మీద ఒక పేజీ తెరిచారట. ప్రయాణం ఖర్చు, ఏజెంటుకి ఇచ్చింది, పడుకునే చోటుకి అద్దె, తిన్న తిండి, పగిలిన గ్లాసు, జ్వరమొచ్చి లేవలేని రోజుకి జరిమానా, అన్నీ తన ఖాతాలోనే. నెలాఖరుకి జీతం తీసేసి చూస్తే అప్పు కిందటి నెలకంటే ఇంకాస్త పెరిగి ఉండేది. "తలుపు తీసే ఉండేదండీ, పుస్తకం వాళ్ళ దగ్గరుంది కదా" అంది. పారిపోతే ఆ అప్పు ఇంట్లోవాళ్ళ దగ్గర వసూలు చేస్తామన్నారట, చెల్లెలి ఫోటో చూపించి మరీ. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో. ఇక తాళం ఎందుకు చెప్పు?

2021 నాటికి బలవంతపు పనిలో ఉన్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 76 లక్షల మంది అని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. అంతమందికి గొలుసులు ఎవరు వేస్తారు? అప్పూ సిగ్గూ ఉంటే కాపలావాడికి జీతం దండగ. సినిమాల్లో చూపించినట్టు ముసుగువాళ్ళు వ్యానులో ఎత్తుకుపోవడం చాలా అరుదు చిన్నీ, వచ్చి అడిగేది తెలిసినవాళ్ళే, ఒక్కోసారి సొంత బంధువులే. దీన్ని మనుషుల అక్రమ రవాణా అంటారు కదా, ఆ రవాణా అనే మాట కూడా జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది, లారీలూ సరిహద్దులూ ఊహించుకుంటారు. సరిహద్దు దాటకపోయినా, ఉన్న ఊళ్ళోనే జరిగినా నేరం నేరమే. ఈ నేరాన్ని ఆపడానికి 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. మోసమో, బెదిరింపో, నిస్సహాయతను వాడుకోవడమో జరిగినచోట "ఒప్పుకునే వెళ్ళింది కదా" అన్న వాదనకి విలువ లేదు. 18 ఏళ్ళలోపు పిల్లలైతే మోసం జరిగిందా అని కూడా చూడక్కర్లేదు, దోపిడీ చేయడానికి తీసుకెళ్తే చాలు. ఆ లాయర్లకి ఇది తెలియక కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ పిల్ల వచ్చిన మొదటి రోజు ఫోన్ నా దగ్గర పెట్టమన్నాను. ఆ ముఠావాళ్ళు ఫోన్ చేస్తారేమోనని, తన మంచికే. మారు మాట్లాడకుండా రెండు చేతులతో తెచ్చి టేబుల్ మీద పెట్టి, పక్కకి జరిగి నిలబడింది. ఎంత అలవాటుగా పెట్టిందో చూసి కూడా నాకు తట్టలేదు. వారం తర్వాత "మేడమ్, నీళ్ళు తాగొచ్చా?" అని అడిగింది. గ్లాసు తన చేతిలోనే ఉంది. అప్పుడు తెలిసింది, తన లెక్కలో యజమాని మారాడు, అంతే. మా గేటుకి కూడా బయటినుంచి తాళం ఉండేది, రక్షణ కోసం అని. దాని మీద నేనూ పైవాళ్ళూ చాలా గొడవపడ్డాం. చివరికి గదులకి లోపలినుంచి వేసుకునే గడియలు పెట్టించాం, వాళ్ళ సామాన్లకి చిన్న లాకర్లు, తాళంచెవి వాళ్ళ చేతికే. గేటు తాళం మాత్రం ఇంకా ఉంది. ఆ గొడవ ఇంకా అయిపోలేదు.

పునరావాసం అనగానే అందరూ ఒక కుట్టు మిషన్ తెచ్చిపెడతారు. నాకు కుట్టు మిషన్ మీద కోపం లేదు కానీ, ఏం చేయాలనుంది అని ఎవరూ అడగకుండానే పది మందికి పది మిషన్లు వస్తాయి, పక్కన నిలబెట్టి ఫోటో కూడా తీస్తారు, ముఖం మసకేసి. ఈ పిల్లని అడిగితే మూడు రోజులు ఆలోచించి డ్రైవింగ్ అంది. ఎందుకంటే బండి ఎటు పోవాలో తనే తిప్పుకోవచ్చట. నేర్చుకుంది. దానికి ముందు పోయిన కాగితాలన్నీ మళ్ళీ తీయించాలి, తన ఒక్కదాని పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, రావాల్సిన జీతం కోసం కేసు నడవాలి, ఇంటి దగ్గర అప్పు కథ తేల్చాలి. ఈ ఆఫీసు పనులన్నీ బోరుగా ఉంటాయి, వీటికి దాతలు దొరకరు. అవి జరగకపోతే మాత్రం అదే ఏజెంటు మళ్ళీ అదే గుమ్మంలోకి వస్తాడు.

జరిగిందంతా పోలీసులకి ఒకసారి, డాక్టరుకి ఒకసారి, కోర్టులో మరోసారి చెప్పించారు. తేదీలు కలవలేదు. అబద్ధమన్నారు. అంత భయంలో బతికిన మనిషికి రోజులు వరసగా గుర్తుండవు, వాసనలు గుర్తుంటాయి, గదిలో దీపం గుర్తుంటుంది. నువ్వు ఎప్పుడైనా ఇలాంటివాళ్ళని కలిస్తే కథ అడక్కు. తనంతట తను చెప్తే విను. మధ్యలో ఏడవకు కూడా, వాళ్ళే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇక నీ ఫ్రెండ్‌కి విదేశం నుంచి వచ్చిన ఉద్యోగం సంగతి. డేటా ఎంట్రీ ఉద్యోగం, ఫోన్‌లోనే ఇంటర్వ్యూ, టికెట్ వాళ్ళే పంపుతారు, టూరిస్టు వీసా మీద వచ్చేస్తే తర్వాత మారుస్తారు. తనకొచ్చిన మెసేజ్‌లు చదువుతుంటేనే నాకు కడుపులో తిప్పింది. ఇలాంటి ఉద్యోగాల పేరుతోనే తీసుకెళ్ళి ఆన్‌లైన్ మోసాలు చేయించే అడ్డాలున్నాయి, వాటిలో మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది నిర్బంధంలో ఉండొచ్చని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. వాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళు, కంప్యూటరూ నాలుగు భాషలూ వచ్చినవాళ్ళు ఎంతోమంది. బయటపడితే బాధితులని కాకుండా మోసగాళ్ళని కేసులు పెడుతున్నారు, అది ఇంకో నరకం.

మీ నాన్న "వద్దని చెప్పు" అంటున్నారు. నాకది నచ్చలేదు. వద్దంటే ఆ అమ్మాయి మనకి చెప్పకుండా వెళ్తుంది, అప్పుడు దారిలో ఏదైనా అయితే ఫోన్ చేయడానికి కూడా సిగ్గుపడుతుంది. ఇంట్లో గట్టిగా కట్టేసిన పిల్లలే ఏజెంటు మాట త్వరగా నమ్మడం నేను చూశాను. అడ్డం పడకు, పక్కన కూర్చుని ఆ మెసేజ్‌లు ఇద్దరూ మళ్ళీ చదవండి. ఏజెన్సీ ఫీజు అడిగారా కనుక్కో, ఎందుకంటే పని వెతుక్కునేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోకూడదని 1997 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. కంపెనీ నంబరు వాళ్ళిచ్చింది కాకుండా మీరే వెతికి పట్టుకుని ఫోన్ చేయండి. ఉద్యోగ ఒప్పందం తనకి అర్థమయ్యే భాషలో చేతికి రావాలి, విమానం ఎక్కకముందే. పని వీసా లేకుండా రమ్మంటే అక్కడితో ఆపేయమను, ఇందులో మాత్రం నేను బేరానికి రాను.

అన్నీ సరిగ్గా ఉండి వెళ్తానంటే వెళ్ళనీ. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు నీకు పంపమను, అక్కడి మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసుకోమను, ఫోన్లు లాక్కుంటారు కాబట్టి. తిరుగు టికెట్‌కి సరిపడా డబ్బు తన దగ్గర విడిగా ఉండాలి, లేకపోతే నేనిస్తాను, అప్పు కాదని కూడా చెప్పు. ఎవరైనా పక్కన నిలబడి మాట్లాడిస్తున్నారనుకో, మన పిల్లి ఎలా ఉందని అడగమను. మనింట్లో పిల్లి లేదు కాబట్టి నీకు అర్థమైపోతుంది. అప్పుడు నువ్వు బాగానే ఉంది, పాలు తాగుతోంది అని మామూలుగా చెప్పి పెట్టేసి, వెంటనే నాకు చెయ్యి, ఎంత రాత్రయినా. ఈసారి విసుక్కోను.

అమ్మ