రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గారికి గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గవర్నర్ గారూ, నమస్కారం.

మీరు ఏటా రెండుసార్లు ఇచ్చే ఆర్థిక స్థిరత్వ నివేదిక నేను చదువుతాను. మిర్చి యార్డులో గుమస్తాకి ఇదేం పిచ్చి అని మా ఆవిడ నవ్వుతుంది, అయినా చదువుతాను. 2018 మార్చిలో, ఇచ్చిన మొత్తం అప్పుల్లో 11 శాతం దాటిన బ్యాంకుల మొండి బాకీలు 2025 మార్చికి 2.3 శాతానికి దిగాయి, సంతోషం. పరిస్థితి తిరగబడితే బ్యాంకుల మూలధనం ఎంత కరుగుతుందో చూసే స్ట్రెస్ టెస్టులూ బాగానే ఉన్నాయి.

కానీ మా నాన్నగారి డబ్బు ఆ లెక్కలో లేదండీ. మిర్చి అమ్మిన సొమ్ము, వడ్డీ కాస్త ఎక్కువిస్తారని, ఊళ్లో ఒక పరపతి సంఘంలో వేశారు. ఒకరోజు పొద్దున్నే వెళ్తే షట్టర్ దించేసి ఉంది. పాస్‌బుక్ ఇప్పటికీ బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంది, అట్ట మీద కారం మరకతో సహా. 5 లక్షల డిపాజిట్ బీమా ఉందిగా అనుకున్నాం. 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి పెంచిన ఆ బీమా బ్యాంకులకే, సహకార బ్యాంకులకు కూడా ఉంది, ఇలాంటి సంఘాలకు మాత్రం లేదని తర్వాత తెలిసింది.

అవి సహకార శాఖ కింద ఉంటాయి, మీ పరిధి కాదంటారు, తెలుసు. పోయేది మాత్రం అదే రైతు డబ్బు కదా! కనీసం 'ఇక్కడి డిపాజిట్లకు బీమా లేదు' అని ప్రతి సంఘం కౌంటర్ మీద తెలుగులో, పెద్దక్షరాలతో రాయించేలా రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడండి. నాన్నగారికి కళ్లజోడు ఉన్నా చిన్నక్షరాలు కనపడవు.