ఫుల్ డిస్క్ క్లోన్ అని రాసి సగం డిస్కే కాపీ చేశారు

గుంటూరు,
18-06-2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: డ్యూయల్ బూట్ (విండోస్, ఉబుంటు రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న) కంప్యూటర్ హార్డ్ డిస్క్ క్లోనింగ్‌లో ఉబుంటు భాగాన్ని వదిలేసి, పాత డిస్కును కూడా ఫార్మాట్ చేయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను గుంటూరులో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. మే 26న మా కంప్యూటర్‌ను మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. అందులోని 500 జీబీ హార్డ్ డిస్క్ ముసలిదైపోయింది. విండోస్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. దాని బదులు 1 టీబీ ఎస్ఎస్‌డీ వేయాలి, పాతదాన్ని ఉన్నదున్నట్టు అందులోకి క్లోన్ చేయాలి, మిగిలిన జాగాను సీ డ్రైవుకు, ఉబుంటులో నా ఫైళ్లుండే హోమ్‌కు పంచాలి. ఇదీ నేను అప్పజెప్పిన పని. జాబ్ కార్డు మీద ‘ఫుల్ డిస్క్ క్లోన్, రీపార్టిషన్’ అని మీవాళ్లే రాశారు. డిస్కుకు 6,200, పనికి 1,800, మొత్తం 8,000 రూపాయలు కట్టాను.

విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయని ముందే చెప్పాను. పేజ్‌మేకర్, అను ఫాంట్ల పని విండోస్‌లో, పాత పుస్తకాల స్కానింగు ఉబుంటులో చేసుకుంటాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి అర్థం కావాలని జాబ్ కార్డు వెనక పొడుగ్గా ఒక పట్టీ గీసి, ఒక్కో పార్టిషన్‌కు (డిస్కులోని భాగానికి) ఒక్కోటి చొప్పున గళ్లు కొట్టాను. మొదట కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన చిన్న ఈఎఫ్ఐ గడి, తర్వాత సీ 150 జీబీ, డీ 100, ఆ పక్కన ఉబుంటువి మూడు: రూట్ 40, స్వాప్ 8, హోమ్ 165. హోమ్ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు సార్లు గీసి ‘ముఖ్యం’ అని రాశాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సీ డ్రైవు పూర్తిగా మూసుకోదని, దాన్ని కూడా ఇంట్లోనే ఆపేసి తెచ్చాను.

మే 29న కంప్యూటర్ తిరిగొచ్చింది. స్విచ్ వేస్తే, విండోసా ఉబుంటునా అని అడిగే గ్రబ్ మెనూ రాలేదు, నేరుగా విండోస్ తెరుచుకుంది. మెనూ ఒక్కటే పోయి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి గంటలో నేనే సరిచేసుకునేదాన్ని. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే నా గుండె జారిపోయింది. సీ 150, మిగిలిందంతా డీ. ఉబుంటు గళ్లు మూడూ లేవు. సరే, పాత డిస్కు ఉందిగా అనుకున్నాను. దాన్ని మీవాళ్లు ఒక నల్ల డబ్బాలో బిగించి, ‘ఎక్స్‌టర్నల్‌గా వాడుకోండి మేడమ్, ఫ్రీ’ అని చేతిలో పెట్టారు. తగిలిస్తే ఒకే ఒక్క డ్రైవు కనిపించింది, ‘న్యూ వాల్యూమ్’ అని, ఖాళీగా.

ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్ చెప్పిన మొదటి మాట, ‘అక్కడ ఏమీ లేవండీ, ఫైల్ సిస్టమ్ దగ్గర ఖాళీగా ఉంది’ అని. ఉబుంటు ఫైళ్లు దాచే పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్, ఈఎక్స్‌టీ4. విండోస్ దాన్ని చదవలేదు కాబట్టి ఆ గడి దగ్గర పేరు లేకుండా వదిలేస్తుంది. తనకు చదవడం రాని పుస్తకాన్ని తెల్లకాగితాలని తూకానికి వేసినట్టుంది ఈ పని. రెండో మాట, ‘క్లోన్ చేశాక రెండు డిస్కులకూ ఒకే ఐడీ ఉంటుంది, ఒకేసారి పెడితే గొడవ, అందుకే పాతది ఫార్మాట్ చేశాం’ అని. ఒకే ఐడీ మాట నిజమే, కాదనను. దానికి విరుగుడు పాత డిస్కును ఊడదీసి కవర్లో పెట్టి ఇవ్వడం. నేను చూసుకుని సరేనన్నాక కదా దాని జోలికి పోవాల్సింది!

ఆ హోమ్‌లో ఉన్నవి ఒక హరిదాసు గారి కుటుంబం నమ్మి ఇచ్చిన 14 నోటుపుస్తకాలు. రంగుల్లో, 600 డీపీఐలో స్కాన్ చేశాను, ఒక్కో పేజీ 50 ఎంబీ. మొదటి 9 పుస్తకాలకు నా దగ్గర వేరే కాపీ ఉంది. మిగతా అయిదింటికి లేదు, అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ అయిదింట్లో మూడు తడిసి ఎండినవి. పేజీల మధ్య పల్చటి స్కేలు దూర్చి ఒక్కొక్కటీ విడదీశాను. విడదీస్తుంటేనే అంచులు పొడిపొడిగా రాలి స్కానర్ అద్దం మీద పడ్డాయి. రెండోసారి అద్దం మీద పెట్టే స్థితిలో అవి లేవు.

మీ సర్వీస్ సెంటర్ మేనేజర్ గారు జాబ్ కార్డు అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించి ‘డేటాకు మేం బాధ్యులం కాదు’ అన్నారు. కీబోర్డు బాగు చేయడానికిచ్చినప్పుడు డేటా పోతే ఆ మాటకు ఏదో అర్థం ఉంటుంది. క్లోనింగ్ అంటేనే డేటాను కాపీ చేయడం. నేను 1,800 కట్టింది దానికే. జాకెట్ కుట్టడానికి తీసుకున్న టైలరు ‘గుడ్డకు నా పూచీ లేదు’ అంటే ఎవరైనా ఊరుకుంటారా?

ఇంకా ఆశ ఉంది. మీరు చేసింది క్విక్ ఫార్మాటే (ఫైళ్ల జాబితాను మాత్రమే చెరిపేది) అయితే, పాతది తిరిగే డిస్కు కాబట్టి, పైన కొత్తగా ఏమీ రాయకపోతే లోపలి ఫైళ్లు చాలావరకు దొరకొచ్చు. అందుకే ఆ రోజు నుంచి దాన్ని మళ్లీ కరెంటుకు తగిలించలేదు, బీరువాలో పెట్టాను. దాన్ని మీ ఖర్చుతో సరైన డేటా రికవరీ ల్యాబ్‌కు పంపాలి. ముందు డిస్కు మొత్తానికి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి, ఆ కాపీ మీదే వెతకాలి. అసలు డిస్కు మీద ఒక్క బైటు కూడా రాయకూడదు. పనికి తీసుకున్న 1,800 తిరిగివ్వాలి. దొరికినవి దొరికాక, ఎస్ఎస్‌డీని నేను గీసిచ్చిన పట్టీ ప్రకారం మళ్లీ పార్టిషన్ చేయించాలి, ఈసారి ఉబుంటు లాంటి లైనక్స్ సిస్టమ్‌లు తెలిసినవాళ్ల చేత.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. జాబ్ కార్డు రెండు వైపుల నకళ్లు, బిల్లు, డిస్క్ మేనేజ్‌మెంట్ స్క్రీన్ ఫొటో జతచేశాను.

పాత డిస్కు తీసుకెళ్లడానికి మీ మనిషిని పంపితే, దాని సీరియల్ నంబరు వేసి రసీదు రాసిచ్చాకే ఇస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్