గెడ్డ (కొండవాగు) కప్పల్ని కాపాడటం కోసం వసూలు చేసిన డబ్బు: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, జీడితోటల రైతులకు, అక్కచెల్లెళ్లకు కమిటీ నమస్కారాలు.

జమ: ఇళ్ల నుంచి రూ. 21,400, తోటల రైతుల నుంచి 18,000, విశాఖ, హైదరాబాదుల్లో పనిచేస్తున్న మన పిల్లలు పంపినది 12,600. మొత్తం 52,000. పింఛను డబ్బుల్లోంచి రెండు వందలు తీసి చేతిలో పెట్టిన అమ్మమ్మలకు ప్రత్యేకంగా దండాలు.

ఖర్చు: గెడ్డలో బ్లీచింగ్ వేసి చేపలు పట్టొద్దని రాయించిన బోర్డులు 3,200, రాత్రిపూట కప్పల్ని లెక్క రాసే బడిపిల్లలకు టార్చిలైట్లు 1,450, రసీదు పుస్తకాలు, టీలు 850. వీటి గురించి ఎవరూ అడగలేదు.

అడుగుతున్నదంతా పురుగుమందు డ్రమ్ములు గెడ్డలో కడక్కుండా, వాటిని కడగడానికి కట్టించిన గట్టు గురించే. 26,000 అని చెప్పి 41,700 ఎలా చేశారని. మొదట అనుకున్నది గెడ్డ పక్కనే గట్టు, దానికో ఇంకుడు గుంత. మేస్త్రి గొయ్యి తవ్వితే నాలుగడుగులకే ఊట వచ్చింది. అక్కడ ఇంకిన మందునీళ్లు ఇంకెక్కడికి పోతాయి? అందుకే గట్టును మెరక మీదికి మార్చాం, అడుగు కూడా సిమెంటు చేసిన తొట్టి కట్టించాం. పైపు, ట్యాంకు 14,300, సిమెంటు, ఇటుక, ఇసుక 15,900, మేస్త్రి, కూలి 11,500. బిల్లులన్నీ ఉన్నాయి. మీటింగు పెట్టకుండా మార్చడం మాత్రం మా తప్పే. పూతకి మందు కొట్టే రోజులు ముంచుకొస్తున్నాయన్న టెన్షన్‌లో చేశాం. అయినా పని సంక్రాంతి దాటాకే పూర్తయింది.

“కప్పలకి ఇంత ఖర్చా, చెరువు నిండా ఉన్నాయి కదా” అన్నారు. చెరువు కప్ప వేరు, గెడ్డ కప్ప వేరు. దీనికి పారే చల్లటి నీళ్లే కావాలి, ఇంకో చోటికి పోయి బతకలేదు. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంత చర్మంతోనే తీస్తుంది, నీళ్లలో ఏం కలిస్తే అది ఒంట్లోకి పోతుంది. కిందటేడు ఒక్క డ్రమ్ము కడిగిన మర్నాడు రాళ్ల సందుల్లో తోకకప్పలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉండటం మనలో చాలామంది చూశాం. 2023లో ప్రపంచమంతటి లెక్క తేల్చినప్పుడు కప్పల్లాంటి ఉభయచరాల్లో నూటికి 41 జాతులు ముప్పులో ఉన్నాయన్నారు. పైగా మహేంద్రగిరి కొండ నుంచి దిగే ఈ గెడ్డ నీళ్లే మన పశువులూ తాగుతున్నాయి.

మొత్తం ఖర్చు 47,200, నిల్వ 4,800. ఇస్తామని పేరు రాయించిన తొమ్మిది మంది నుంచి 9,000 రావాలి. మూడుసార్లు తిరిగాం, పేర్లు రాయడం లేదు. ఆ డబ్బు వస్తే వానలకు ముందే తొట్టి మీద రేకులు వేయించాలి, లేకపోతే నిండి పొర్లుతుంది. బిల్లులు, రసీదులు ఆదివారం పొద్దున్న రామమందిరం అరుగు మీద పెడతాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.