కాజీపేట గేటు దగ్గర ఆగిన అక్కకు

మే నెల ఎండ. ఆరాధన ముగించుకుని చర్చి నుంచి బయటికొచ్చిన పెద్దమ్మ గేటు దగ్గరే కూలబడింది. మూగినోళ్లు నోట్లో నీళ్లు పోయబోతుంటే మీరే ఆపారు అక్కా, సోయి లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని. 108కి ఫోన్ చేయించి, నీడకు జరిపి, మీ చున్నీ తడిపి మెడకు, చంకలకు అద్దుతూ అట్టముక్కతో విసిరారు. తెలివొచ్చి, మింగగలుగుతోందని చూసుకున్నాకే చాయ్ బండి నుంచి చక్కెర తెప్పించారు. లీటరు నీళ్లకు చక్కెర 6 చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదమని చెంచాను వేలితో గీసి మరీ చదును చేశారు! గుక్కగుక్కగా తాపారు.

మీరు మా సంఘం మనిషి కాదు, బస్సు కోసం నిలబడ్డవారు. బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయంలో, దెబ్బలు తిన్న పరాయి మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసిన సమరయుడూ బాటసారే కదా. చాలా థాంక్స్ అక్కా. చున్నీ ఉతికి పెట్టాం, ఏ ఆదివారమైనా వచ్చి తీసుకోండి.